పడవ ట్రైలరు బంక్ బోర్డులు – మార్చడం, తొడుగు వేయడం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీ గారు ఫోన్ చేసి, "సాబ్, ఇరవై నిమిషాలు మీవి, టాపిక్ మీ ఇష్టం" అన్నారు. దేశభక్తి గురించి నాకన్నా ముందు ముగ్గురు పెద్దలు మాట్లాడారు. చాలా బాగా మాట్లాడారు. అందులో నేను కలపగలిగింది ఏమీ లేదు. నేను సాపర్‌ని. 1988లో భర్తీ అయిన నాటి నుంచి 2016లో ఇంటికి వచ్చిన రోజు దాకా నా చేతికి తెలిసినవి నాలుగు: పడవ, మోటారు, తాడు, చెక్క. అందుకని ఒక చెక్క గురించి మాట్లాడతాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఆ చెక్కను సంచిలో పెట్టుకుని రాజమండ్రి నుంచి ఇక్కడ పూనా దాకా మోసుకొచ్చాను. చివర్లో మీ చేతికిస్తాను.

పడవను రోడ్డు మీద తీసుకుపోవాలంటే ట్రైలరు కావాలి. ట్రైలరు అంటే ఇనుప ఫ్రేము, రెండు చక్రాలు, ముందు చేతితో తిప్పే వించి. పడవ అడుగు తిన్నగా ఇనుము మీద ఆనకూడదు కదా. అందుకని ఫ్రేముకు రెండు వైపులా, పడవ పొడుగునా, రెండు పొడవాటి చెక్కలు బిగిస్తారు. పడవ వాటి మీద పడుకుంటుంది. వాటిని బంక్ బోర్డులు అంటారు. బ్యారెక్‌లో మనం పడుకునే బంకు లాంటిదే. మా ఊళ్లో వడ్రంగి ఆచారి గారికి "బంక్ బోర్డులు చెయ్యాలి" అని చెబితే, "ఏ పెట్రోలు బంకుకండీ? అక్షరాలు కూడా నేనే రాయించాలా?" అని అడిగారు. అప్పటి నుంచి ఆయన దగ్గర "పడవ బండి చెక్కలు" అనే అంటున్నాను.

ఈ చెక్కలు ఎవరికీ కనపడవు. పడవ ఎక్కి కూర్చుంటే అస్సలు కనపడవు. పైన కాన్వాసో కార్పెటో చుట్టి ఉంటుంది కాబట్టి పడవ దింపినా లోపలి చెక్క కనపడదు. పటాలంలో కనపడని వస్తువుకు ఏ గతి పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఒక సంగతి చెబుతాను. యూనిట్ పేరు చెప్పను, ఊరు చెప్పను, సంవత్సరం కూడా చెప్పను. అప్పుడు నేను హవల్దార్‌ని. పడవల స్టోరు నా చార్జిలో ఉండేది. ఫైబర్ పడవలు, ఓబీఎంలు, మూడు ట్రైలర్లు. మే నెలలో యాన్యువల్ ఇన్‌స్పెక్షన్. ఇన్‌స్పెక్షన్ అంటే చూనా, గేరూ. రాళ్లకు సున్నం, చెట్లకు గేరూ, మిగతా దేనికైనా ఓజీ పెయింటు. నేనూ అదే చేయించాను. ట్రైలరు ఫ్రేములకు పెయింటు, మడ్‌గార్డులకు పెయింటు. బంక్ బోర్డుల మీద కాన్వాసు మాసిపోయి ఉంటే దాని మీద కూడా పెయింటు. రెండు కోట్లు. తళతళలాడిపోయింది.

ఆ పని చేస్తున్న వాళ్లలో ఒక కొత్త సాపర్, శ్రీకాకుళం జిల్లా కుర్రాడు. మూడో ట్రైలరు వెనక్కి వెళ్లి కూర్చుని, బోర్డును కింద నుంచి బొటనవేలితో నొక్కి, "ఉస్తాద్, ఇక్కడ చెక్క మెత్తగా ఉంది. వేలు దిగుతోంది" అన్నాడు. నేను, "ఇన్‌స్పెక్షన్ అయ్యాక చూద్దాంలే, ముందు బ్రష్ పట్టు" అన్నాను. ఇన్‌స్పెక్షన్ అయింది. మా స్టోరుకు వెరీ గుడ్ వచ్చింది. తర్వాత రిజిస్టరులో మూడు ట్రైలర్లకూ ఎదురుగా 'సర్వీసబుల్' అని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం ఇవాళ్టికీ నా కళ్లకు కనపడుతుంది. మంచి దస్తూరీ నాది.

ఆగస్టులో వరద పిలుపు వచ్చింది. రాత్రి పదకొండుకు బయల్దేరాం. మూడు లారీలు, వెనక మూడు ట్రైలర్లు, నూట ఎనభై కిలోమీటర్లు. రోడ్డు గుంతలు. తెల్లారేసరికి నీళ్ల ఒడ్డుకు చేరాం. మొదటి రెండు పడవలు దింపాం. మూడోది చూస్తే వెనక భాగం ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉంది. వెనక బ్రాకెట్టు దగ్గర బోర్డు బోల్టు రంధ్రం పొడుగునా చీలిపోయింది. పడవ బరువంతా దిగి బ్రాకెట్టు మూల మీద ఆనింది. రాత్రంతా గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ ఇనుప మూల ఫైబర్‌ను గుద్దుతూ వచ్చింది. అడుగున అరచెయ్యి పట్టేంత కన్నం. పైన కాన్వాసు మాత్రం చెక్కు చెదరలేదు. పచ్చగా మెరుస్తోంది. మనవాళ్లు అంటారే, పైన పటారం లోన లొటారం అని. ఆ సామెత అర్థం నాకు ఆ తెల్లవారుజామునే తెలిసింది.

అక్కడ పని మొత్తం రెండు పడవలతో చేశాం. బాగానే చేశాం, చాలామందిని తెచ్చాం. ఊరికి అవతల పల్లంలో ఒక ఇంటి కప్పు మీద ముసలి దంపతులు ఉన్నారని పొద్దున్నే కబురు వచ్చింది. మూడో పడవను ఆ వైపుకని అనుకున్నాం. పడవ లేదు కాబట్టి ఆ వైపు చివరికి పెట్టాం. అక్కడికి చేరేసరికి మసక చీకటి పడింది. కప్పు మీద ముసలావిడ ఒక్కతే ఉంది. మధ్యాహ్నం దాటాక ఆయన కాలు జారి నీళ్లలో పడిపోయాడట. ఆవిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తాగడానికి నీళ్లడిగింది, అంతే.

మూడో పడవ ఉంటే ఆయన బతికేవాడని నేను ప్రమాణం చేసి చెప్పలేను. బతికేవాడు కాదని కూడా చెప్పలేను. పడవకు కన్నం ఎలా పడిందని పైనుంచి అడిగితే, రోడ్డు బాగాలేదు అని రాశాం. రోడ్డు నిజంగానే బాగాలేదు. ఆ శ్రీకాకుళం కుర్రాడు నా వైపు ఒక్కసారి చూశాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇప్పుడు అతనూ జేసీవో. ఇక్కడికి వచ్చే ముందు ఫోన్ చేసి, ఈ సంగతి సభలో చెప్పనా అని అడిగాను. "చెప్పండి ఉస్తాద్. నా పేరు మాత్రం వద్దు" అన్నాడు.

సరే. ఇంక చెక్క సంగతికి వస్తాను.

మాది కోనసీమ, గోదావరి లంకల పక్క ఊరు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, కాబట్టి అది ఎంత వరదో ఊహించుకోండి. కింద ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి సముద్రంలోకి వదిలారు. మా లంకల్లో నాటు పడవలే దిక్కయ్యాయి. నీళ్లు తీశాక మా చుట్టుపక్కల ఊళ్ల ఎక్స్‌సర్వీస్‌మెన్ ఆరుగురం కూర్చుని తలా కొంత వేసుకున్నాం. ఒక బోటింగ్ కాంట్రాక్టరు దగ్గర పదహారు అడుగుల పాత ఫైబర్ పడవ, నలభై హార్స్‌పవర్ మోటారు, ట్రైలరు కొన్నాం. ట్రైలరు కొత్తగా పెయింటు వేసి తళతళలాడుతోంది. మిగతా ఐదుగురూ సంతోషించారు. నాకు భయం వేసింది. వెనక్కి వెళ్లి, కింద కూర్చుని, స్క్రూడ్రైవరు మొన బోర్డు అడుగున పెట్టి నొక్కాను. జున్నుముక్కలో దిగినట్టు దిగింది.

చెక్క ఎందుకు పుచ్చుతుంది? నీళ్లలో నానితే పుచ్చుతుందని అందరూ అంటారు. అది సగమే నిజం. మా కాలవల లాకుల దగ్గర ఏళ్ల తరబడి నీళ్లలోనే మునిగి ఉన్న దుంగలు గట్టిగానే ఉంటాయి. ఇంటి దూలం పొడిగా ఉండి తరాలు నిలుస్తుంది. కంచె రాట మాత్రం నేల మట్టం దగ్గర పుచ్చుతుంది. చెక్కను తినే బూజుకు తడీ కావాలి, గాలీ కావాలి. బంక్ బోర్డు సరిగ్గా అలాంటి చోటే ఉంటుంది. నీళ్లలో మునుగుతుంది, బయటికొస్తుంది, పైన తొడుగు తడిని పట్టుకుని కూర్చుంటుంది. దానికి తోడు నేను చేసినట్టు తొడుగు మీద పెయింటు కొడితే తడి బయటికి పోయే దారి కూడా మూసేసినట్టే. నేను ఆ మే నెలలో చేసింది అలంకారం ఒక్కటే కాదు, పుచ్చును పెంచాను కూడా.

బోర్డులు మార్చేటప్పుడు మొట్టమొదటి ప్రశ్న, పడవను ఏం చెయ్యాలి? కొందరు పడవ ట్రైలరు మీద ఉండగానే కింద జాకీ పెట్టి ఒక్కొక్క బోర్డూ లాగేస్తారు. ఫైబర్ అడుగుకు ఒక్క చోట జాకీ పెడితే అక్కడే పగులుతుంది. పైగా నాలుగు వందల కేజీల వస్తువు కింద చెయ్యి పెట్టాలి. మేం తేలిక పని చేశాం. పడవను కాలవలో దింపి కొబ్బరి చెట్టుకు కట్టేసి ట్రైలరు ఒక్కదాన్నీ ఆచారి గారి వాకిట్లోకి తెచ్చుకున్నాం. పడవకు నీళ్లకన్నా మెత్తని స్టాండు లేదు.

పాత బోర్డు విప్పే ముందే కొలవాలి. విప్పాక కొలుద్దాం అనుకుంటే పుచ్చిన చెక్క చేతిలో ముక్కలవుతుంది, అప్పుడు కొలవడానికి ఏమీ ఉండదు. ఎడమ కుడి సుద్దతో రాసుకున్నాం. ఒక్కో వైపు మూడు బ్రాకెట్లు, వాటి మధ్య దూరం, ఫ్రేము నుంచి ఎత్తు, బ్రాకెట్టు వాలు, అన్నీ నా మనవడి నోటుబుక్కులో రాశాను. ఈ కొలతల్లో ఒక తప్పు దొరికింది. మనం కొన్న ట్రైలరు బోర్డులు పడవ వెనక అంచు కన్నా ఎనిమిది అంగుళాలు ముందే ఆగిపోయాయి. ఎవరో ఎప్పుడో పుచ్చిన కొసలు కోసేసి అలాగే వదిలేశారు. పడవ వెనక పలకకు మోటారు వేలాడుతుంది. మోటారు ఒక్కటే డెబ్బై ఎనభై కేజీలు. కింద ఆసరా లేకుండా ఆ బరువు గాల్లో వేలాడుతూ రోడ్డు మీద ఊగితే, కొన్నాళ్లకు పడవ అడుగు ఆ బోర్డు కొస దగ్గర వంగిపోతుంది. అడుగు వంగిన పడవ నీళ్లలో తిన్నగా పోదు, ముక్కు కిందికి పెడుతుంది. అందుకని బోర్డు పడవ వెనక అంచు దాకా రావాలి, ఒక అంగుళం ఎక్కువైనా మంచిదే. మీలో ఎవరి చేతి కింద ట్రైలరు ఉన్నా ఇవాళే వెళ్లి ఇదొక్కటి చూడండి.

ఇంక ఏ చెక్క వాడాలి? దీని మీద ఆచారి గారికీ నాకూ రెండు రోజులు వాదన. నేను మెరైన్ ప్లైవుడ్ అన్నాను. ఐఎస్ 710 ముద్ర ఉన్నది నీళ్లకు ఆగుతుంది, మనం పటాలంలో వాడాం. ఆయన, "జిగురు ఆగుతుంది సుబేదారు గారూ, కోసిన అంచు ఆగదు. మీరు దానికి పన్నెండు చోట్ల బెజ్జాలు వేస్తారు" అన్నారు. ఆ మాట నిజమే. పైగా తొమ్మిదడుగుల పొడుగు కావాలి, ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులే వస్తుంది, అతుకు పెట్టాలి. మామిడి చవక, కానీ ఇలాంటి చోట నిలవదు. మద్ది గట్టిది, బరువెక్కువ. చివరికి ఆయనే దారి చెప్పారు. పక్క ఊళ్లో పాత మండువా ఇల్లు పడగొడుతున్నారు, వాళ్ల టేకు దూలాలు అమ్మకానికున్నాయి అన్నారు. ఎన్నో ఏళ్లు ఎండిన చెక్క ఇంక వంకర పోదు. అందులోంచి అంతా చేవ ఉన్న భాగమే తీసుకున్నాం. తెల్ల కలప ఎంత బాగా చిత్రిక పట్టినా వద్దన్నారు, టేకులో కూడా పుచ్చేది అదే. దూలంలో పాత మేకులు ఉంటాయి, రంపం పాడవుతుంది, ముందే వెతికి తీయాలి. రెండు బోర్డులూ తొమ్మిదడుగుల పొడుగు, నాలుగంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం.

నిలబెట్టి బిగిస్తే చెక్క ఎక్కువ బరువు మోస్తుంది, కానీ పడవ అడుగుకు రెండంగుళాల అంచే ఆనుతుంది. పడుకోబెడితే నాలుగంగుళాలు ఆనుతుంది, పడవ వంపుకు తగ్గట్టు చెక్క కూడా కొద్దిగా వంగుతుంది. మూడు బ్రాకెట్లు దగ్గరగానే ఉన్నాయి కాబట్టి మేం పడుకోబెట్టాం. మీ ట్రైలరుకు రెండే బ్రాకెట్లుంటే వేరేగా ఆలోచించాలి.

అల్యూమినియం పడవ ఉన్నవాళ్లకు ఒక మాట. రాగి మందు పట్టించిన కలప బజారులో దొరుకుతుంది, పచ్చగా ఉంటుంది. చెద పట్టదు, పుచ్చదు, బాగానే ఉంటుంది. కానీ రాగి, అల్యూమినియం, తడి, ఈ మూడూ కలిస్తే అల్యూమినియాన్ని తినేస్తుంది. ఫైబర్ పడవకైతే ఆ బాధ లేదు.

చెక్క నీళ్లు ఎక్కువగా తాగేది పక్కల నుంచి కాదు, కొసల నుంచి, బెజ్జాల్లోంచి. అందుకని బెజ్జాలు ముందే బరమాతో వేయించి, ఆ తర్వాతే కాచిన అవిసె నూనె పట్టించాం. కొసలకు నాలుగుసార్లు, బెజ్జాల్లోకి గుడ్డ పీలికతో దూర్చి, మిగతా చోట్ల రెండుసార్లు. వారం ఎండబెట్టాం. నూనె తుడిచిన గుడ్డల్ని కుప్పగా పడేయకండి. అవిసె నూనె ఎండేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డల కుప్ప వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి పారెయ్యాలి, లేదా విప్పి తీగ మీద ఆరెయ్యాలి.

బోల్టులు మూడు నూళ్లవి, స్టెయిన్‌లెస్. మెడ దగ్గర చదరంగా ఉండే క్యారేజ్ బోల్టులు. నట్టు కింద నుంచి తిప్పుతుంటే బోల్టు తిరగదు. తల మాత్రం చెక్క మట్టం కన్నా అర అంగుళం లోపలికి దిగాలి. పడవ బరువుకు తొడుగు అణుగుతుంది, ఏళ్లు గడిస్తే చెక్క కూడా కొంచెం అణుగుతుంది. అప్పుడు తల పైకి తేలి ఫైబర్‌ను గీకుతుంది. నేను కొద్దిగా దింపితే చాలు అంటే ఆచారి గారు ఒప్పుకోలేదు. ఉలి తీసుకుని పన్నెండు గుంటలూ ఆయనే తీశారు. అడుగున వెడల్పాటి వాషరు తప్పనిసరి. వాషరు లేకపోతే బ్రాకెట్టు రంధ్రం దగ్గర బలమంతా ఒక్క చోటే పడుతుంది, చెక్క చీలేది అక్కడే. నేను చూసినది అక్కడే చీలింది.

తొడుగు దగ్గర నేను రెండుసార్లు ఓడిపోయాను. మొదటిసారి, కోనసీమ వాళ్లం కదా, కొబ్బరి పీచు చాప చుట్టాం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. రెండు నెలల్లో నీళ్లు పీల్చి నాచు పట్టి వాసన. చింపి చూస్తే లోపల చెక్క ఇంకా తడిగా ఉంది. రెండోసారి మా నేవీ మిత్రుడు పాత కన్వేయరు బెల్టు తెచ్చాడు. రబ్బరు ఆరుతుంది, పుచ్చదు. కానీ పడవను పట్టేసుకుంటుంది. దింపాలంటే నలుగురం తోయాలి, ఎక్కించాలంటే వించి హ్యాండిల్ మీద ఇద్దరం వేలాడాలి. తెల్ల పడవ అడుగుకు నల్ల చారలు అదనం.

మూడోసారి బయట పరిచే ప్లాస్టిక్ నూలు కార్పెట్టు తెచ్చాం, పాలీప్రొపిలీన్ అంటారు. నీళ్లు పీల్చదు. కొనేటప్పుడు తిరగేసి చూడండి, వెనక రబ్బరు పూత ఉంటే వద్దు, అది తడిని లోపలే పట్టేస్తుంది. పెళ్లి పందిళ్లలో పరిచే ఎర్ర కార్పెట్టు చవకగా వస్తుంది, కానీ పల్చన, ఒక వర్షాకాలం కూడా ఉండదు. పొడుగు బోర్డు కన్నా అర అడుగు ఎక్కువ, వెడల్పు చుట్టూ తిరిగి అడుగున రెండు అంచుల మధ్య ఒక అంగుళం సందు మిగిలేలా కోసుకోవాలి. ఆ సందు మర్చిపోతే మిగతా పనంతా దండగే. నీళ్లు కారేది అక్కడి నుంచే, చెక్కకు గాలి తగిలేదీ అక్కడి నుంచే. అందంగా ఉండాలని అడుగున కూడా మూసేస్తే మళ్లీ నా మే నెల పెయింటే.

తెల్ల బంక నీళ్లకు ఆగదు. చెప్పులు కుట్టేవాళ్లు వాడే పసుపు రబ్బరు బంక ఆగుతుంది, చాలామంది అదే పూసి అతికిస్తారు. మేం అసలు బంకే పూయలేదు. ఒక కారణం, నూనె పట్టిన చెక్క మీద అది సరిగా అంటుకోదు. రెండోది, అతికించేస్తే లోపల ఏమవుతోందో మళ్లీ చూడలేం. విప్పలేని దాన్ని తనిఖీ చెయ్యలేం కదా సాబ్. గట్టిగా లాగి, అడుగు వైపు మాత్రమే, రెండంగుళాలకొక స్టెయిన్‌లెస్ పిన్ను కొట్టాం. పై వైపు ఒక్కటి కూడా కొట్టకూడదు. మామూలు ఇనుప పిన్నులు ఒక్క వర్షాకాలానికే తుప్పుపట్టి రాలిపోతాయి. కొసల దగ్గర మడత ఎలా వెయ్యాలా అని ఆచారి గారు ఆలోచిస్తుంటే నేను చేసి చూపించాను. రిక్రూట్‌గా ఉన్నప్పుడు బెడ్డు మీద కంబళి మూల మడత పెట్టేవాళ్లం, గుర్తుందా? అదే మడత. ఆయన, "ఇరవై ఎనిమిదేళ్లు పటాలంలో ఇదేనా నేర్పింది?" అన్నారు.

బిగించేటప్పుడు నట్లు ముందు వదులుగానే పెట్టాలి. ట్రైలరును కాలవలోకి దింపి, పడవను ఎక్కించి, బయటికి లాగి, పడవ తన బరువుతో బోర్డులను సర్దుకున్నాక అప్పుడు బిగించాలి. ఆ తర్వాత ఒక పోస్టుకార్డు తీసుకుని బోర్డుకూ పడవకూ మధ్య పొడుగునా దూర్చి చూశాం. మధ్య బ్రాకెట్టు దగ్గర ఎడమ వైపు కార్డు దూరింది. అంటే అక్కడ పడవ ఆనడం లేదు, బరువంతా ముందూ వెనకే. బ్రాకెట్టు కొద్దిగా ఎత్తాం. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి బిగించాలి. తప్పకుండా వదులవుతాయి.

కొత్త తొడుగుతో మొదటిసారి దింపిన రోజు ఒక ప్రమాదం తృటిలో తప్పింది. రబ్బరు బెల్టు అలవాటున మా అన్నయ్య కొడుకు రేవు వాలు మీద, ట్రైలరు ఇంకా నీళ్లలోకి దిగకముందే, వించి కొక్కెం తీసేశాడు. రబ్బరు ఉన్నప్పుడు తోసినా కదలని పడవ ఈసారి తడి కార్పెట్టు మీద జర్రున జారింది. సగం పడవ సిమెంటు వాలు మీదకు వచ్చి ఆగింది. వాడు వెనక లేడు కాబట్టి సరిపోయింది. పడవ నీళ్లలో తేలేదాకా కొక్కెం తీయకూడదు, ట్రైలరు వెనక ఎవరూ నిలబడకూడదు. ప్లాస్టిక్ పట్టీలు వేసుకున్న వాళ్లకైతే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం, అవి కార్పెట్టు కన్నా జారుతాయి.

చక్రాల బేరింగుల గురించి ఒక్క ముక్క. దూరం నుంచి వచ్చీ రాగానే వేడిగా ఉన్న చక్రాలను చల్లని నీళ్లలో దింపితే లోపలి గాలి ముడుచుకుని నీళ్లు లోపలికి లాగుతుంది, గ్రీజు పోతుంది. టీ తాగి దింపండి.

2024 జూలైలో గోదావరికి మళ్లీ వరద వచ్చినప్పుడు మా పడవ పదకొండు రోజులు తిరిగింది. లంకల్లోంచి మనుషుల్ని, పాలక్యాన్లను, ఒకసారి నిండు గర్భిణిని తెచ్చాం. ఆ సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు పడవలు లారీలెక్కి ఊళ్లోకి రావడం మీరంతా టీవీలో చూసే ఉంటారు. అది చూస్తూ నేను లెక్కపెట్టింది పడవల్ని కాదు. ఏ పడవ కింద ఏముందో అని చూశాను. ఇంట్లో వాళ్లకు ఈ అలవాటు విసుగు.

ఇప్పుడు ప్రతి మే నెలలో ఒక రోజు మేం ఆరుగురం కలుస్తాం. పెయింటు డబ్బా ఎవరూ తేకూడదని షరతు. అడుగున పిన్నులు నాలుగు పీకి, కార్పెట్టు పక్కకు తీసి, స్క్రూడ్రైవరు మొన పెట్టి ఆరు బ్రాకెట్ల దగ్గరా నొక్కి చూస్తాం. ఒకరు నొక్కుతారు, ఇంకొకరు రాస్తారు. నొక్కినవాడు రాయకూడదు, రాసినవాడు నొక్కకూడదు. సంతకాలు ఇద్దరివీ ఉంటాయి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. స్టోరు చార్జి ఉన్నవాళ్లను ఒకటే అడుగుతాను. కొత్త కుర్రాడు ఎవరైనా వచ్చి ఇక్కడ మెత్తగా ఉంది ఉస్తాద్ అంటే, బ్రష్ పక్కన పెట్టి వెళ్లి వేలు పెట్టి చూడండి.

ఇదిగో, నేను చెప్పిన చెక్క. మేం కొన్న ట్రైలరుది, వెనక బ్రాకెట్టు దగ్గరి ముక్క. పై వైపు చూడండి, పెయింటు ఎంత బాగుందో. తిరగేసి గోరుతో గిల్లండి. వరసలో ఒకరి నుంచి ఒకరికి ఇచ్చుకోండి, పిల్లలకు కూడా చూపించండి. చివరి వరస వాళ్లు దయచేసి నాకు తిరిగి ఇవ్వాలి, ఆచారి గారికి మళ్లీ తెచ్చిస్తానని మాటిచ్చాను. సాయంత్రం కోణార్క్ ఎక్స్‌ప్రెస్ అందుకోవాలి.

జై హింద్.